పోయిందని చెప్పిన అవ్వ

రెహానాకు ఏడేళ్లున్నప్పుడు తండ్రి దస్తగిరి ఆమెకు ఒక అబద్ధం చెప్పాడు. అప్పటికి ఆమె తల్లి మరియం చనిపోయి ఐదు నెలలైంది. పిల్ల స్కూలు నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "నాయనా, మెక్సికో అవ్వ ఫోన్ చేయడం లేదేంది?" అని అడిగింది. దస్తగిరి వంటింట్లో టమాటాలు తరుగుతున్నాడు. వెనక్కి తిరగకుండానే, "అవ్వ పోయిందమ్మా. ఆడ మనోళ్లు ఇంకెవురూ లేరు" అన్నాడు.

అవ్వ పోలేదు. దస్తగిరే ఫోన్ నంబరు మార్చేశాడు.

ఆ పని ఎందుకు చేశాడో ఎవరైనా అడిగితే చెప్పడానికి అతని దగ్గర కారణాలున్నాయి. కానీ పద్నాలుగేళ్లపాటు ఎవరూ అడగలేదు.

దస్తగిరిది కడప జిల్లాలో ఒక దూదేకుల కుటుంబం. పాతికేళ్ల కింద ఖతార్ దేశంలోని దుఖాన్‌లో ఆయిల్ కంపెనీ క్వార్టర్లకు ఏసీ మెకానిక్కుగా వచ్చాడు. ఆ కాలనీలోనే ఒక మెక్సికో ఇంజినీరు ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి మరియ అనే అమ్మాయి వచ్చింది. ఏసీ బాగుచేయడానికి వెళ్లినప్పుడల్లా ఆమె అతనికి నిమ్మరసం ఇచ్చేది. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే. రెండేళ్ల తర్వాత దోహా కోర్టులో నిఖా జరిగింది. ఆమె కలిమా చదివి మరియం అయింది. తెలుగు నేర్చుకుంది. దస్తగిరి ఫోర్‌మన్ అయ్యాక కంపెనీ వాళ్లు రెండు గదుల ఇల్లిచ్చారు.

మరియం ఇంజినీరు ఇంట్లో స్పానిష్ మాట్లాడేది. వాళ్లమ్మతో ఫోన్‌లో మాత్రం వేరే భాష మాట్లాడేది. అది మెక్సికోలో ప్వేబ్లా కొండల్లోని భాష. దాన్ని నావాట్ అంటారట. ఆమె మాత్రం "మా ఊరి మాట" అనేది. బిడ్డ పుట్టాక బిడ్డతోనూ ఆ మాటే. రెహానా తండ్రితో తెలుగు, తల్లితో ఊరి మాట కలగలిపి మాట్లాడుతూ పెరిగింది.

పిల్లకు నాలుగేళ్లప్పుడు రంజాన్ పండగకు దోహాలోని ఉమ్ ఘువైలినాలో ఒక హైదరాబాదీ స్నేహితుడి ఫ్లాట్‌కు వెళ్లారు. హాలు నిండా జనం. రెహానా సేమ్యా తిని, దాహమేసి, అందరి మధ్యలో నిలబడి "ఆత్, ఆత్" అంది. ఊరి మాటలో ఆత్ అంటే నీళ్లు. ఎవరికీ అర్థం కాలేదు. ఒకాయన నవ్వుతూ, "దస్తగిరి భాయ్, నీకేమో ఉర్దూ రాదు, బీవీది ఏ జబానో తెలీదు, ఈ పిల్లనేమనుకోవాల?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ దస్తగిరికి పదేళ్ల వయసులో కడప టౌన్‌లో అరబ్బీ చదువుకు వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. తెలుగు మాట్లాడే తురకోడని పిల్లలు అతన్ని బెంచీ చివరికి నెట్టేవాళ్లు.

తిరుగు దారిలో కారు నడుపుతూ భార్యతో అన్నాడు. "రేపట్నుంచి బిడ్డతో ఆ మాట వద్దు. ఉర్దూ నేర్పిస్తా, ఇంగ్లీషు నేర్పిస్తా. నలుగుర్లో నవ్వులపాలు కాకూడదు."

మరియం బయటికి చూస్తూ, "మా అమ్మతో ఏ మాట మాట్లాడాల ఇది?" అని ఒక్కటే అడిగింది. అతను గేరు మార్చాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ఆదివారం అవ్వ ఫోన్ చేసినప్పుడు మాత్రమే ఆ ఇంట్లో ఆ మాట వినిపించేది.

రెండేళ్లకు మరియం జ్వరమని ఆసుపత్రిలో చేరి పదకొండో రోజు చనిపోయింది. దోహాలో ఖననం చేశారు. అవ్వ ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన ఒక స్కూలు టీచరు చేత ఫోన్ చేయించింది. ఏడ్చింది. మూడు వారాలయ్యాక మళ్లీ చేయించింది. ఒక్క ఏడాది పిల్లను మా దగ్గరికి పంపించు, నా బిడ్డ ముఖం దాంట్లో చూసుకుంటాను, అని అడిగింది. దస్తగిరి సరే అనలేదు, వద్దనీ అనలేదు. పిల్ల వెళితే ఇక రాదని అతనికి అనిపించింది. తర్వాత ఆదివారం ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆపై ఆదివారం కూడా. చివరికి కంపెనీ బస్సు నడిపే ఆంజితో కొత్త సిమ్ము తెప్పించుకున్నాడు. ఆంజిది కాకినాడ దగ్గర పల్లె. విషయం తెలిసినవాడు అతనొక్కడే.

అబద్ధం చెప్పిన వారం, శుక్రవారం నమాజు అయ్యాక రెహానా చిన్న చేతులు చాచి, "అల్లా, అమ్మనీ అవ్వనీ బాగా చూస్కో" అని దువా చేసింది. పక్కన కూర్చున్న దస్తగిరి ఆమీన్ అన్నాడు. పిల్ల పెద్దదై హాస్టలుకు వెళ్లేదాకా ప్రతి శుక్రవారం అట్లాగే బతికున్న మనిషి కోసం ఆమీన్ అంటూ వచ్చాడు.

*

రెహానాకు ఇప్పుడు ఇరవై ఒకటి. దోహాలో యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. గురువారం సాయంత్రం ఆంజి బస్సులో దుఖాన్ వస్తుంది, శనివారం వెళ్తుంది. రెండేళ్ల కింద మెక్సికో చరిత్ర మీద ఒక క్లాసు తీసుకుంది. ఊరికే తీసుకున్నానంది. అదే ఏడాది స్పానిష్‌లో కూడా చేరింది. చివరి ఏడాది పెద్ద వ్యాసం కూడా దాని మీదే రాస్తానంది.

అప్పట్నుంచి భోజనాల దగ్గర అవే కబుర్లు. ఐదు వందల ఏళ్ల కింద స్పెయిన్ వాళ్లు ఓడల్లో వచ్చి ఏం చేశారో చెప్పేది. ఊళ్లకు ఊళ్లు మశూచితో ఎట్లా పోయాయో చెప్పేది. మిగిలినవాళ్లకు చర్చిలో నీళ్లు చల్లి కొత్త పేర్లు పెట్టారని చెప్పేది.

"అయినా వాళ్లు ఊరికే లేరు నాయనా," అని ఒకసారి కంచంలో చెయ్యి ఆపి చెప్పింది. "స్పెయిన్ వాళ్ల అక్షరాలు నేర్చుకోని, వాళ్ల సొంత భాషలోనే అర్జీలు రాసినారు. మా పొలం ఎందుకు తీస్కున్యారు అని రాజుకే రాసినారు. ఆ కాగితాలు ఇంకా ఉండాయి. నేను ఫోటోల్లో చూసినా."

"అట్లనా," అన్నాడు దస్తగిరి.

"ఈ టమాటా అనే మాట కూడా వాళ్లదే. నువ్వు వేస్తాండే మిరపకాయ కూడా ఆడ్నించే వచ్చింది. మన సీమలో కారం లేకుండా ఎట్ల తిన్యారో అంతకుముందు." నవ్వింది. మళ్లీ నవ్వు ఆపి, "తర్వాత తర్వాత బడుల్లో ఆ భాష మాట్లాడితే పిల్లోళ్లను కొట్టేవాళ్లంట. అట్ల చానామంది పిల్లోళ్లకు చెప్పడం మానేసినారంట. అమ్మ కూడా అందుకే నాకు చెప్పలేదేమో" అంది.

దస్తగిరి నీళ్లు తాగాడు. ఆమెకు ఆ భాష ఒకప్పుడు వచ్చేదని, గలగలా మాట్లాడేదని ఆమెకే గుర్తు లేదు. ఐదు వందల ఏళ్ల వెనక్కి వెళ్లి ఎవరెవరి తప్పో వెతుకుతోంది, తప్పు చేసినవాడు ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు.

"అమ్మ ఊరి పేరేంది నాయనా? ఒక్కసారన్నా చెప్పిండదా?"

"చెప్పిందేమోమ్మా. నోరు తిరగని పేరు. గుర్తు లేదు."

ఊరి పేరు అతనికి బాగా గుర్తుంది. బీరువాలో మరియం బర్త్ సర్టిఫికెట్ మీద ఉంది.

ఫిబ్రవరిలో రెహానా తల్లి రవిక ఒకటి క్లాసుకు తీసుకెళ్లింది. మెడ చుట్టూ ఎర్రదారంతో పిట్టలు కుట్టిన తెల్ల రవిక అది. పాఠం చెప్పే ప్రొఫెసరమ్మది కూడా మెక్సికోనే. ఆమె ఆ కుట్టు చూసి, ఇట్లాంటి పని ప్వేబ్లా ఉత్తరాన కొండ ఊళ్లలో చేస్తారు అంది. అంతే కాదు, ఆ కొండల్లో స్థానిక భాషలో నడిచే చిన్న రేడియో ఉందని, తప్పిపోయిన గాడిద నుంచి ఊరొదిలిన కొడుకు దాకా అన్నిటికీ అందులో ప్రకటనలు చదువుతారని చెప్పింది. రెహానా ఆ రేడియోకు ఒక ఉత్తరం పంపింది. ఖతార్‌కు పనికి వెళ్లి అక్కడే చనిపోయిన మరియ కూతుర్ని నేను, అమ్మ తరఫు వాళ్లెవరైనా ఉంటే కబురు చేయండి అని.

ఆ మాట ఆమె చాలా సంతోషంగా చెప్పింది. దస్తగిరి కంచం తీసుకుని లేచాడు.

శనివారం కూతుర్ని బస్సెక్కించాక, బస్సు కదిలే ముందు కొట్టు దగ్గర ఆంజి టీ తాగుతుంటే పక్కన కూర్చున్నాడు.

"రేడియోలో చెప్పిస్తాండాది ఆంజీ. రేపో మాపో తెలిసిపోతాది."

ఆంజి గ్లాసు కింద పెట్టాడు. "తెలిసేలోపు మీరే చెప్పెయ్యండి దస్తగిరి గారూ. అప్పుడు సిమ్ము తెచ్చిచ్చిన పాపం నాకూ ఉంది కదండీ. ఆ పిల్ల ఈ బస్సులో నా వెనక సీట్లో కూర్చుని వాళ్లమ్మ కబుర్లు చెప్తుంటే నాకే నోట మాట రావట్లేదు."

"ఎట్ల చెప్పేది?"

"ఎలా చెప్పినా తిడుతుందండి. మీ నోటితో వింటే కాస్త తక్కువ తిడుతుందేమో."

వచ్చే గురువారం చెప్పాలనుకున్నాడు. ఆ గురువారం రెహానాకు జలుబు. ఆ పై వారం పరీక్షలు. అట్లా నాలుగు వారాలు గడిచాయి.

*

జవాబు వచ్చిన రోజు రెహానా గురువారం దాకా ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం టాక్సీలో వచ్చేసింది. దస్తగిరి డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"నాయనా, అవ్వ బతికే ఉండాది."

దస్తగిరి చేతిలో హెల్మెట్టు అట్లాగే ఉంది.

"చిన్నమ్మ కొడుకు మెసేజ్ పెట్టినాడు. ఫోటో పంపినాడు. చూడు. డెబ్బై ఎనిమిదేండ్లంట. రేడియోలో అమ్మ పేరు విని పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చిందంట." ఫోన్ అతని చేతిలో పెట్టింది. చిన్న గడప ముందు కూర్చున్న ముసలామె. మరియం నుదురే, మరియం గడ్డమే. "నీకెవురో తప్పు చెప్పినట్టుండారు నాయనా. ఇంకెవురో పోయింటే అవ్వ అనుకున్యావేమో. ఫోన్‌లో ఆ భాష సరిగ్గా అర్థమై ఉండదు నీకు."

అతను ఏమీ అడగకముందే, దాక్కోవడానికి చోటు ఆమే చూపించింది. దస్తగిరి ఫోటో వైపే చూస్తూ, "అట్లనే అయ్యిండాల" అన్నాడు.

రెహానా అతన్ని పట్టుకుని ఏడ్చింది. "పాపం, నువ్వు కూడా ఇన్నేండ్లు పోయిందనే అనుకున్యావు" అంది. ఆ మాట అతని వీపు మీద కొరడాతో కొట్టినట్టు తగిలింది. ఒక అబద్ధాన్ని పద్నాలుగేళ్లు మోసినవాడు, నిజం చెప్పే అవకాశం చేతికొచ్చిన క్షణంలో రెండోది చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వీడియో కాల్ అనుకున్నారు. అక్కడప్పుడు పొద్దున. రెహానా తల్లి రవిక తొడుక్కుంది. టేబుల్ మీద ఫోన్ నిలబెట్టి, నాయన కూడా కనిపించాలని కుర్చీ దగ్గరికి లాగింది.

తెరలో అవ్వ వచ్చింది. పక్కన మెసేజ్ పెట్టిన పాతికేళ్ల మనవడు. రెహానా రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న స్పానిష్‌లో సలాం చెప్పింది. అవ్వ మనవడి వైపు చూసింది. ఆమెకు స్పానిష్ సంతలో బేరమాడేంత మాత్రమే వచ్చు. రెహానా స్పానిష్‌లో చెప్తే, మనవడు దాన్ని ఊరి మాటలోకి మార్చాలి. అవ్వ చెప్పింది మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. రెహానా ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత సర్దుకుంది.

అవ్వ తెరకు దగ్గరగా జరిగి మనవరాలిని చూసింది. ఆ తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు శాలువా అంచుతో కళ్లు తుడుచుకుంది. మనవడు స్పానిష్‌లో చెప్పాడు. రెహానా తండ్రి కోసం తెలుగులో చెప్పింది.

"క్షమించమని అడుగుతాండాది నాయనా. తప్పు తనదేనంట. మన నంబరు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్యాదంట. ఆ ఏడాది వానకు గోడ చెమ్మగిల్లి, ఒక అంకె చెరిగిపోయిందంట. అది ఏడో ఒకటో తెలీక, తప్పు నంబరుకు చేస్తాండానేమో అనుకున్యాదంట. ఆదివారం ఆదివారం కొండ దిగి ఫోన్ అంగడికి పోయి, ఒకసారి ఏడు పెట్టి, ఒకసారి ఒకటి పెట్టి చేసేదంట. మూడేండ్లు అట్ల చేసిందంట. చదువుంటే అంకె సరిగ్గా రాసుకునేదాన్ని, నా వల్లే బిడ్డ బిడ్డ నాకు దూరమైంది అంటాండాది." రెహానా ముక్కు తుడుచుకుంది. "నువ్వు తల్లి లేని పిల్లను పెంచినావని, నీకు మొక్కుతాండానని చెప్పమంటాండాది."

తెరలో అవ్వ నిజంగానే చేతులు జోడించింది.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "చేతులు దించమను" అన్నాడు.

"ఏంది నాయనా?"

"చేతులు దించమని చెప్పమ్మా. అంకె చెరిగిపోలేదు. ఆమె సరిగ్గానే చేసింది. నేనే నంబరు మార్చినా. ఫోన్ మోగుతాంటే ఎత్తకుండా కూర్చున్యా, తర్వాత సిమ్ము తీసి పారేసినా. పిల్లను పంపమని అడిగింది, పంపిస్తే నువ్వు తిరిగి రావని భయపడినా. నీకు పోయిందని చెప్పినా. మంగళవారం కూడా నీకు అబద్ధమే చెప్పినా. నీకు వాళ్ల మాట వచ్చేది. నేనే మీయమ్మను వద్దన్యా. చెప్పు ఆమెకు. అంతా చెప్పు."

రెహానా అతని ముఖంలోకి చూసింది. తెరలో మనవడు ఏమైందని అడుగుతున్నాడు.  దస్తగిరి, ఇక చెప్పదేమో, ఫోన్ ఆపేస్తుందేమో అనుకున్నాడు. అట్లా ఆపేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు, అందుకు సిగ్గుపడ్డాడు.

ఆమె తెర వైపు తిరిగింది. వంగి, నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ స్పానిష్‌లో చెప్పింది. ఒకచోట ఆగి, మాట తెలియక, "సిమ్ము" అనే చెప్పి, చేత్తో విసిరేసినట్టు చూపించింది. ఏదీ దాచలేదు. మనవడు వింటూ తల దించుకున్నాడు. తర్వాత అవ్వ చెవి దగ్గరికి వంగి చెప్పాడు.

అవ్వ జోడించిన చేతులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. దస్తగిరి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నట్టు కూడా అనిపించలేదు. కొత్తమనిషిని చూస్తున్నట్టు చూసింది. తర్వాత కుర్చీ పట్టుకుని లేచి, తెరలోంచి వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ, వెనక సున్నం కొట్టిన గోడ కనిపించాయి. మనవడు ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

రెహానా రవిక విప్పి మడత పెట్టుకుని, సంచిలో సర్దుకుంది. "ఇన్నేండ్లు నేను దువా చేస్తాంటే పక్కన కూర్చోని ఆమీన్ అన్యావు" అంది. గొంతు పెంచలేదు. ఆంజికి ఫోన్ చేసి, బస్సెప్పుడని అడిగింది.

*

ఆమె ఏడు వారాలు దుఖాన్ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది, "బాగుండా" అనేది, పెట్టేసేది. ఒక్కసారి మాత్రం తనే చేసింది, అమ్మ బర్త్ సర్టిఫికెట్ కావాలని. దోహాలోని మెక్సికో ఎంబసీలో పాస్‌పోర్టుకు పెట్టుకుంటోంది. దస్తగిరి సెలవు పెట్టి తనే తీసుకెళ్లాడు. హాస్టల్ గేటు దగ్గర ఆమె కాగితం తీసుకుని, దాని మీద ఊరి పేరు చదివింది. నోరు తిరగని పేరేమీ కాదు. తలెత్తి అతన్ని చూసి, లోపలికి వెళ్లిపోయింది.

అవ్వ మాత్రం రెహానాతో మాట్లాడుతూనే ఉంది. వారానికి మూడుసార్లని, దోహా వెళ్లినప్పుడల్లా హాస్టల్ దగ్గర ఆమెను చూసొచ్చే ఆంజి చెప్పాడు. మనవడు లేకపోయినా కూర్చోబెట్టుకుని వస్తువులు చూపిస్తూ పేర్లు చెప్తోందట. రెహానా అతని ముందే ఆ మాటలు వల్లె వేసుకుంటుందట.

జూన్‌లో చదువు పూర్తయ్యాక ఆమె ప్రయాణమైంది. దస్తగిరి ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తానంటే కాదనలేదు. ఆమె లోపలికి వెళ్లే ముందు అన్నాడు, "నేను కూడా ఎప్పుడన్నా వచ్చి ఆమె కాళ్లు పట్టుకోవాలనుంది."

"ఈసారికి వద్దు నాయనా," అంది రెహానా. "ఆమె అడిగితే చెప్తా."

అడుగుతుందని గానీ అడగదని గానీ అనలేదు.

ఆమె వెళ్లిన పన్నెండో రోజు మెసేజ్ వచ్చింది. *అమ్మ సమాధి ఎక్కడుందని అవ్వ అడుగుతోంది. చూపించగలవా?*

దస్తగిరి ఆ మెసేజ్‌ను చాలాసార్లు చదివాడు. అతను అక్కడికి వెళ్లి ఆరేళ్లు దాటింది. మర్నాడు తెల్లవారగానే బయల్దేరి దోహా వెళ్లాడు. ఎండ అప్పుడే మొదలైంది. ఒకే రకం మట్టి దిబ్బలు, పేర్లు లేని రాళ్లు, వరసలు వరసలుగా ఉన్నాయి. తనకు దారి గుర్తుందనుకున్నాడు, లేదు. అక్కడి కాపలాదారు బంగ్లాదేశీ ముసలాయన, చనిపోయిన సంవత్సరం, నెల అడిగి, రిజిస్టర్ చూసి, వరస సంఖ్య చెప్పాడు. అయినా రెండుసార్లు తప్పిపోయాడు. చివరికి దొరికింది. రాయి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తీశాడు, చుట్టూ గులకరాళ్లు ఏరేశాడు.

తర్వాత రెహానాకు వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి భోజనాలైనట్టున్నాయి. రెహానా ఒకసారి కనిపించి, "ఇదేనా నాయనా?" అంది.

"ఇదేమ్మా."

ఆమె ఫోన్ అవ్వ చేతికిచ్చింది. అవ్వ దస్తగిరిని పలకరించలేదు. చేత్తో కిందికి అన్నట్టు సైగ చేసింది. అతను ఫోన్ కెమెరా తిప్పి, మట్టికి దగ్గరగా పట్టుకున్నాడు. అవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. ఊళ్లోని మనుషుల పేర్లు కాబోలు, ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. ఒకచోట నవ్వినట్టు వినిపించింది, ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంది. మధ్యలో రెహానా గొంతు కూడా ఒకటి రెండు మాటలు, అదే భాషలో, తడబడుతూ కలిసింది.

దస్తగిరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చెయ్యి లాగుతోంది. చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకుంటే ఫోన్ కదులుతుందని, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని, అట్లాగే వంగి ఉన్నాడు.